డీఆర్‌ఎఫ్‌లో ఏ టోకెన్ పద్ధతి ఎంచుకోవాలి? వెబ్‌సైటు, మొబైల్ యాప్ రెండూ ఉన్నాయి

కొత్తచిగురు
సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. జాంగో (పైథాన్‌లో సర్వరు కోడు రాసే చట్రం) మీద నడిచే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్, అదే డీఆర్‌ఎఫ్‌తో ఒక ఏపీఐ (వేరే ప్రోగ్రాములు మా సర్వరుతో మాట్లాడే దారి) రాస్తున్నాం. దాన్ని వాడేది మూడు రకాలవాళ్లు. మా సొంత వెబ్‌సైటు ఒకటి, రియాక్ట్‌లో రాసింది. తర్వాత మొబైల్ యాప్. ఇవి కాక భాగస్వామి సంస్థ సర్వరు నుంచి రోజూ రాత్రిపూట నడిచే ఒక స్క్రిప్టు.

లాగిన్ దగ్గరే పని ఆగిపోయింది. లాగిన్ అయినవాళ్లు పాస్‌వర్డ్‌కు బదులు ప్రతి అభ్యర్థనతోనూ చూపించే గుర్తింపు చీటీ, అదే టోకెన్, ఎలా ఇవ్వాలో తేలడం లేదు. మా ముందు నాలుగు దారులున్నాయి: డీఆర్‌ఎఫ్‌తో పాటే వచ్చే టోకెన్ ఆథెంటికేషన్, విడిగా తెచ్చుకునే లైబ్రరీలు నాక్స్, సింపుల్ జేడబ్ల్యూటీ (జేడబ్ల్యూటీ అంటే జేసన్ వెబ్ టోకెన్), ఓఆథ్ టూల్‌కిట్. జట్టులో ఇద్దరు జేడబ్ల్యూటీకే ఓటు వేశారు. కారణం అడిగితే, "అందరూ అదే వాడుతున్నారు, డేటాబేస్ జోలికి పోదు, వేగంగా ఉంటుంది" అంటున్నారు.

మా షరతులు రెండే. ఎవరైనా ఫోన్ పోగొట్టుకుంటే ఆ ఫోనొక్కటే లాగౌట్ కావాలి, ల్యాప్‌టాప్‌లో చేసుకుంటున్న పని ఆగకూడదు. ఒకరి ఖాతా మూసేస్తే ఆ క్షణం నుంచే ఏ తలుపూ తెరుచుకోకూడదు. అనుభవం ఉన్నవాళ్లు దారి చూపగలరు.

మెరుపుతీగ
సోమవారం, ఉదయం 10:40

మీ జట్టులో ఆ ఇద్దరూ చెప్పింది సబబే. జేడబ్ల్యూటీ అంటే చుక్కలతో విడగొట్టిన మూడు ముక్కలు: శీర్షిక, లోపలి సమాచారం, సంతకం. సంతకం సరిచూడటానికి సర్వరుకు తాళం ఒక్కటి ఉంటే చాలు, ఎవరినీ అడగనక్కర్లేదు. మా దగ్గర ఆరు సేవలున్నాయి, అంటే విడివిడిగా నడిచే ఆరు ప్రోగ్రాములు. వినియోగదారుల టేబుల్ ఒక్క సేవ చేతిలోనే ఉంది, మిగతా ఐదూ సంతకం చూసి లోపలికి రానిస్తాయి. సింపుల్ జేడబ్ల్యూటీ అమర్చడం ఒక పూట పని.

పాతకాపు
సోమవారం, ఉదయం 11:25

మెరుపుతీగ గారూ, ఆరు సేవలున్న ఇంటికి అది సరిపోతుంది. అడిగినవారిది ఒక్క సర్వరు, ఒక్క డేటాబేస్. వాళ్లకు ఆ లాభం ఎక్కడిది?

కొత్తచిగురు గారూ, "డేటాబేస్ జోలికి పోదు" అన్నవాళ్లు ఆ లైబ్రరీ కోడు తెరిచి చూశారా అని ఒక్కసారి అడగండి. సింపుల్ జేడబ్ల్యూటీలో మామూలుగా వాడే ఆథెంటికేషన్ క్లాసు (వచ్చినవారెవరో తేల్చే కోడు) సంతకం, గడువు సరిచూశాక టోకెన్‌లోని యూజర్ ఐడీ తీసుకుని నేరుగా డేటాబేస్‌కే వెళ్తుంది. ఆ వ్యక్తి ఉన్నారా, ఖాతా చెలామణిలో ఉందా అని చూసి తెస్తుంది. అంటే ప్రతి అభ్యర్థనకూ ఒక క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న). డీఆర్‌ఎఫ్ సొంత టోకెన్ క్లాసు ఏం చేస్తుంది? టోకెన్ టేబుల్‌నూ యూజర్ టేబుల్‌నూ జాయిన్ చేసి ఒకే క్వెరీలో తెస్తుంది. ఇదీ ఒకటే, అదీ ఒకటే. అదనంగా జేడబ్ల్యూటీ వాడేవాళ్లు సంతకం లెక్క కట్టే ఖర్చు కూడా పెడతారు, అది లెక్కలోకి రానంత చిన్నదనుకోండి.

ఈ మాట నేను చెప్పినందుకు నమ్మకండి. క్వెరీల లాగ్ తెరిచి మీరే లెక్కపెట్టుకోండి.

మెరుపుతీగ
సోమవారం, ఉదయం 11:52

నిజమే, డీఫాల్టు క్లాసు యూజర్‌ను తెస్తుంది. కానీ అదే లైబ్రరీలో స్టేట్‌లెస్ యూజర్ క్లాసు ఇంకొకటి ఉంది. అది డేటాబేస్‌కు వెళ్లదు, టోకెన్‌లో ఉన్న సమాచారంతోనే యూజర్ లాంటి వస్తువును తయారు చేసి ఇస్తుంది. మా ఐదు సేవలూ వాడేది దాన్నే.

పాతకాపు
సోమవారం, మధ్యాహ్నం 12:03

వాడండి, కాదనను. అయితే ఖాతా మూసేసిన సంగతి ఆ క్లాసుకు ఎలా తెలుస్తుంది? టోకెన్ గడువు తీరేదాకా తెలియదు. కొత్తచిగురు గారి రెండో షరతు అక్కడే పోయింది.

కొత్తచిగురు
సోమవారం, సాయంత్రం 5:30

లెక్కపెట్టాను. ఒకే వ్యూకు రెండు పద్ధతుల్లోనూ ఇరవై చొప్పున అభ్యర్థనలు పంపి క్వెరీల జాబితా అచ్చు వేయించాను. ఆథెంటికేషన్ పద్దు కింద రెండింటికీ ఇరవై ఇరవై. జట్టుకు ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అలాంటప్పుడు డీఆర్‌ఎఫ్‌తో వచ్చేదే వాడితే సరిపోతుంది కదా? ఇంకో లైబ్రరీ మోయడం దేనికి?

ఇనుపతలుపు
సోమవారం, రాత్రి 8:15

సరిపోదండీ. ఆ అంతర్నిర్మిత టోకెన్ టేబుల్‌ను ఒకసారి డేటాబేస్‌లో తెరిచి చూడండి. నిలువు వరుసలు మూడే: కీ, సృష్టించిన సమయం, యూజర్. యూజర్‌తో సంబంధం ఒకటికి ఒకటి, అంటే ఒక మనిషికి ఒక్కటే టోకెన్. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ అదే. ఫోన్ పోయిందని దాన్ని చెరిపేస్తే ల్యాప్‌టాప్ కూడా బయట పడుతుంది. మీ మొదటి షరతు ఇక్కడ పోయింది.

గడువు అనే వరుస అసలు లేనే లేదు. ఇవాళ ఇచ్చిన టోకెన్ ఎవరూ చెరపకపోతే ఐదేళ్లకైనా పనిచేస్తుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఆ 40 అక్షరాల కీ డేటాబేస్‌లో ఉన్నదున్నట్టు కూర్చుని ఉంటుంది. పాస్‌వర్డ్‌లు హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి, జాగ్రత్తగా దాచుకుంటాం, పక్క టేబుల్‌లో మాత్రం పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి తీసుకెళ్లే కీలు తెరిచి పెడతాం. బ్యాకప్ ఫైలు ఒకటి పొరపాటున బయటికి పోతే అందులో ఉన్న ప్రతి కీ అప్పటికప్పుడు పనిచేస్తుంది.

నాక్స్ ఈ మూడూ సరిచేస్తుంది. ఒక మనిషికి ఎన్ని టోకెన్లయినా ఇవ్వవచ్చు, ప్రతిదానికీ గడువు ఉంటుంది, డేటాబేస్‌లో హ్యాష్ మాత్రమే ఉంటుంది. టోకెన్ అసలు రూపం సృష్టించిన ఆ ఒక్కసారే చేతికొస్తుంది. పోగొట్టుకుంటే కొత్తది తీసుకోవడమే, పాతది ఎవరూ వెతికి ఇవ్వలేరు. లాగౌట్‌కు ఒక దారి, అన్ని చోట్లా ఒకేసారి లాగౌట్‌కు ఇంకో దారి సిద్ధంగా ఉన్నాయి.

చదువరి
సోమవారం, రాత్రి 9:02

మధ్యలో వచ్చినందుకు క్షమించండి, తెలియక అడుగుతున్నాను. జాంగో పాస్‌వర్డ్‌లకు పీబీకేడీఎఫ్2 అనే హ్యాష్ పద్ధతిని లక్షలసార్లు తిప్పుతుంది. నాక్స్ మాత్రం ఎస్‌హెచ్‌ఏ 512 అనే వేగమైన హ్యాష్‌ను ఒక్కసారి తిప్పి ఊరుకుంటుంది. ఇది బలహీనం కాదా?

ఇనుపతలుపు
సోమవారం, రాత్రి 9:20

మంచి ప్రశ్న, క్షమాపణ అక్కర్లేదు. పాస్‌వర్డ్ మనుషులు పెట్టుకునేది. పుట్టినరోజు, పెంపుడు కుక్క పేరు, ఒకటి రెండు మూడు. ఊహించి ప్రయత్నించేవాడికి జాబితా చిన్నది, అందుకే ప్రతి ప్రయత్నమూ ఖరీదయ్యేలా నెమ్మదిగా తిప్పుతాం. టోకెన్‌ను పెట్టేది యంత్రం: నాక్స్‌లో 32 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య, రాస్తే 64 అక్షరాలు. 256 బిట్ల జాబితాను మొదటినుంచి చివరిదాకా ప్రయత్నించే యంత్రం ఎక్కడా లేదు. కాబట్టి వేగమైన హ్యాష్ చాలు. పైగా ప్రతి అభ్యర్థనకూ పాస్‌వర్డ్ హ్యాష్ నడిపితే సర్వరు నడుం విరుగుతుంది.

ఎర్రమట్టి
మంగళవారం, ఉదయం 7:48

నేను లారవెల్ (పీహెచ్‌పీ చట్రం) వాణ్ని, అయినా ఒక మాట. మా టోకెన్ లైబ్రరీ శాంక్టమ్‌లోనూ ఇదే ఏర్పాటు. టోకెన్ ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్‌గా టేబుల్‌లో ఉంటుంది, ఒక మనిషికి ఎన్నయినా, ప్రతిదానికీ ఒక పేరు పెట్టుకోవచ్చు. ఇంకో సంగతి: మీ సొంత వెబ్‌సైటుకైతే టోకెన్ వాడవద్దనీ, కుకీతో (బ్రౌజర్ దాచుకుని తానే సర్వరుకు పంపే చిన్న సమాచారం) సెషన్ నడపమనీ శాంక్టమ్ డాక్యుమెంటేషన్ సూటిగా చెబుతుంది. జాంగోలో దానికి అడ్డేమైనా ఉందా?

సాలెగూడు
మంగళవారం, ఉదయం 9:10

అడ్డేమీ లేదు. నేను చెప్పాలనుకున్నది ఎర్రమట్టి గారు ముందే చెప్పేశారు. పదేళ్లుగా బ్రౌజర్ వైపు రాస్తున్నాను. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా అందరూ టోకెన్ ఎలా తయారు చేయాలని తలలు బద్దలు కొట్టుకుంటారు, బ్రౌజర్‌లో దాన్ని ఎక్కడ దాచాలన్నది మాత్రం చివర్లో గుర్తొస్తుంది. చివరికి లోకల్ స్టోరేజ్‌లో, అంటే బ్రౌజర్‌లో పేజీ స్క్రిప్టులు చదవగల అరలో, పడేస్తారు. ఆ పేజీలో నడిచే ఏ జావాస్క్రిప్ట్ అయినా, మీరు ఎన్‌పీఎమ్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం) నుంచి తెచ్చుకున్న మూడో చేతి ప్యాకేజీతో సహా, దాన్ని ఒక్క లైనులో చదివి బయటికి పంపగలదు. హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీని చదవడం స్క్రిప్టుకు కుదరదు.

వెబ్‌సైటూ ఏపీఐ ఒకే డొమైన్ కింద ఉంటే డీఆర్‌ఎఫ్ సెషన్ ఆథెంటికేషన్ పెట్టుకోండి. జాంగో సెషన్ కుకీ మొదటినుంచీ హెచ్‌టీటీపీ ఓన్లీయే, సేమ్‌సైట్ విలువ లాక్స్ (వేరే సైట్ల నుంచి వచ్చే పోస్ట్ వంటి అభ్యర్థనలతో కుకీ వెళ్లదు). లాగిన్ అయినవాళ్ల నుంచి వచ్చే పోస్ట్, పుట్, డిలీట్‌లకు సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (అభ్యర్థన వేరే సైటు మోసంతో పంపినది కాదని చూపే గుర్తు) ఉందా అని డీఆర్‌ఎఫ్ తానే చూస్తుంది, రియాక్ట్ వైపు ఆ హెడర్ జతచేస్తే చాలు.

మెరుపుతీగ
మంగళవారం, ఉదయం 9:34

హెచ్‌టీటీపీ ఓన్లీ సర్వరోగ నివారిణి కాదు. ఎక్స్‌ఎస్‌ఎస్ జరిగితే, అంటే దాడిచేసేవాడి స్క్రిప్టు మీ పేజీలో దూరితే, ఆ స్క్రిప్టు కుకీని చదవలేకపోవచ్చు గానీ, అదే పేజీ నుంచి మీ ఏపీఐకి అభ్యర్థనలు పంపగలదు. కుకీ దానంతటదే వెంట వెళ్తుంది.

సాలెగూడు
మంగళవారం, ఉదయం 9:41

ఒప్పుకుంటాను. దొంగ ఇంట్లో ఉన్నంతసేపూ ఇంట్లో వస్తువులు వాడుకోగలడు. లోకల్ స్టోరేజ్ అయితే తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లి, తీరిగ్గా అర్ధరాత్రి మళ్లీ వస్తాడు. ఆ తేడా నాకు చాలు.

చదువరి
మంగళవారం, మధ్యాహ్నం 2:15

నేను సింపుల్ జేడబ్ల్యూటీ పెట్టి చూస్తున్నాను, 401 (మీరెవరో తేలలేదు అనే జవాబు) వస్తోంది. నాకొచ్చిన టోకెన్ ఇదిగో: [నిర్వాహకులు తొలగించారు]. ఎక్కడ తప్పుందో ఎవరైనా చెప్పగలరా?

నిర్వాహకుడు
మంగళవారం, మధ్యాహ్నం 2:21

చదువరి గారూ, మీ టపాలోని టోకెన్ తీసేశాను. పని చేస్తున్న టోకెన్లను ఎక్కడా అతికించకండి. అందులో మీ ఈమెయిలు చిరునామా కూడా కనిపించింది.

చదువరి
మంగళవారం, మధ్యాహ్నం 2:30

అయ్యో, అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుందనుకున్నాను! చూస్తే అంతా గజిబిజి అక్షరాలే కదా.

ఇనుపతలుపు
మంగళవారం, మధ్యాహ్నం 2:44

గజిబిజిగా కనిపించడం వేరు, రహస్యంగా ఉండటం వేరు. అది బేస్64 అనే రాత పద్ధతి, అంతే. ఎవరైనా వెనక్కి తిప్పి చదువుకోవచ్చు. మామూలు జేడబ్ల్యూటీ ఎప్పుడూ ఇ, వై, జే అనే మూడు అక్షరాలతో మొదలవడం గమనించారా? మీసాల బ్రాకెట్టు, దాని వెంట కోట్ గుర్తు, ఆ వెంట ఒక ఇంగ్లిషు అక్షరం బేస్64లో పడితే అలాగే వస్తాయి. సంతకం ఉన్నది ఎవరూ మార్చలేదని చూపడానికి. చదవకుండా ఆపడం దాని పని కాదు. 2015లో వచ్చిన జేడబ్ల్యూటీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7519 చదివితే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఈమెయిలు, ఫోన్ నంబరు, హోదా వంటివి అందులో పెట్టవద్దు, ఐడీ చాలు.

మీ 401 సంగతి: హెడర్‌లో "టోకెన్" అని రాసి ఉంటారు. సింపుల్ జేడబ్ల్యూటీ "బేరర్" అన్న మాట కోసం చూస్తుంది. డీఆర్‌ఎఫ్ సొంత పద్ధతికీ నాక్స్‌కూ మాత్రం "టోకెన్".

చదువరి
మంగళవారం, మధ్యాహ్నం 2:51

అదే తప్పు. సరిచేశాను, వచ్చేసింది. ధన్యవాదాలు!

గడియారం
మంగళవారం, రాత్రి 10:05

జేడబ్ల్యూటీ వైపు మొగ్గేవాళ్ల కోసం నా అనుభవం ఒకటి రాసి పెడుతున్నాను, ఎవరికైనా ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

గతంలో నేను పనిచేసిన చోట సింపుల్ జేడబ్ల్యూటీయే. యాక్సెస్ టోకెన్ (ప్రతి అభ్యర్థనతో పంపేది) ఆయుష్షు డీఫాల్టుగా ఉండే 5 నిమిషాలు. రిఫ్రెష్ టోకెన్‌ను (గడువు తీరాక కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకునేది) వాడిన ప్రతిసారీ కొత్తది ఇచ్చి పాతదాన్ని బ్లాక్‌లిస్టులో (ఇక చెల్లని టోకెన్ల జాబితా) పడేసేలా రెండు సెట్టింగులూ తెరిచాం. భద్రత పరంగా అది సరైన పనే. విడుదల చేసిన రెండో రోజు నుంచి ఫిర్యాదులు: "ఉన్నట్టుండి లాగిన్ పేజీకి తోసేస్తోంది." మా కంప్యూటర్లలో ఎంత ప్రయత్నించినా రాదు.

మూడు రోజుల తర్వాత దొరికింది. మా డాష్‌బోర్డు పేజీ తెరవగానే ఒకేసారి ఐదు అభ్యర్థనలు పంపుతుంది. మేము పరీక్షించేటప్పుడు అప్పుడే లాగిన్ అయి ఉంటాం కాబట్టి ఐదూ నెగ్గుతాయి. వాడేవాళ్లు భోజనానికి లేచి తిరిగొచ్చి పేజీని కదిలిస్తారు. యాక్సెస్ గడువు తీరిపోయి ఉంటుంది, ఐదింటికీ 401. మా కోడు 401 చూడగానే రిఫ్రెష్‌కు వెళ్తుంది, అంటే ఐదుసార్లు, ఒకే రిఫ్రెష్ టోకెన్‌తో. మొదటిది నెగ్గి ఆ టోకెన్‌ను బ్లాక్‌లిస్టుకు పంపుతుంది. మిగతా నాలుగింటి చేతిలో చచ్చిన టోకెన్. రిఫ్రెష్ విఫలమైతే లాగౌట్ చేయమని మేమే రాసుకున్నాం, అది బుద్ధిగా చేసింది.

ఒక రిఫ్రెష్ నడుస్తుండగా మిగతావి దాని ఫలితం కోసం ఆగేలా ఒకే ప్రామిస్‌ను పంచుకునేట్టు మార్చాం. హమ్మయ్య అనుకున్నాం. రెండు ట్యాబులు తెరిచేవాళ్లు ఉంటారని వారం తర్వాత తెలిసింది. ట్యాబుల మధ్య వెబ్ లాక్స్ (ఒకసారికి ఒక్క ట్యాబే ఆ పని చేసేలా చూసే బ్రౌజర్ సదుపాయం) పెట్టాక గానీ సద్దుమణగలేదు.

ఇంకొకటి. ఆ బ్లాక్‌లిస్టు రిఫ్రెష్ టోకెన్లకే. లాగౌట్ నొక్కాక కూడా చేతిలో ఉన్న యాక్సెస్ టోకెన్ తన గడువు దాకా బతికే ఉంటుంది. ఆ టేబుల్ దానంతటదే ఖాళీ కాదు కూడా, గడువు తీరినవాటిని తుడిచే కమాండు రోజూ నడిపించుకోవాలి.

పాతకాపు
బుధవారం, ఉదయం 8:20

గడియారం గారి టపాను పైకి పిన్ చేయాలి. డేటాబేస్ వద్దని జేడబ్ల్యూటీ తెచ్చుకుని, దాన్ని రద్దు చేయడానికి డేటాబేస్‌లో బ్లాక్‌లిస్టు పెట్టుకున్నాక, మనం ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే చుట్టూ తిరిగి వచ్చాం.

ఇనుపతలుపు
బుధవారం, ఉదయం 8:55

జేడబ్ల్యూటీనే కావాలనుకునేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఏ అల్గోరిథమ్‌తో సంతకం చేశారో ఆ టోకెన్ శీర్షికలోనే రాసి ఉంటుంది. 2015లో చాలా లైబ్రరీలు ఆ మాటను గుడ్డిగా నమ్ముతున్నాయని బయటపడింది. శీర్షికలో "నన్" (ఏదీ లేదు) అని రాస్తే సంతకం లేకుండానే కొన్ని రానిచ్చాయి. మరికొన్నింటిలో ఆర్‌ఎస్ 256 (ఒక రహస్య కీ, ఒక పబ్లిక్ కీ ఉండేది) స్థానంలో హెచ్‌ఎస్ 256 (ఒకే కీతో నడిచేది) అని రాసి, అందరికీ తెలిసిన పబ్లిక్ కీతోనే సంతకం చేసి లోపలికి దూరగలిగారు. 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8725 ఇలాంటివన్నీ చర్చించి, అనుమతించే అల్గోరిథమ్‌లను సర్వరే ముందుగా నిర్ణయించుకోవాలని చెబుతుంది. సింపుల్ జేడబ్ల్యూటీ సెట్టింగులో ఉన్న అల్గోరిథమ్‌నే ఒప్పుకుంటుంది కాబట్టి ఫరవాలేదు. సొంతంగా రాసుకునేవాళ్లే ఇరుక్కుంటారు.

రెండోది, అది సంతకానికి డీఫాల్టుగా జాంగో సీక్రెట్ కీనే వాడుకుంటుంది. విడిగా ఒక కీ పెట్టండి. లేకపోతే ఒకటి మార్చాల్సి వచ్చిన రోజున రెండోదీ కదులుతుంది.

కొత్తచిగురు
బుధవారం, ఉదయం 11:15

వెబ్‌కు సెషన్, మొబైల్‌కు నాక్స్ అన్నంతవరకు జట్టు ఒప్పుకుంది. ఇక రాత్రి స్క్రిప్టు మిగిలింది. దానికి ఓఆథ్ పెట్టాలా?

పాతకాపు
బుధవారం, మధ్యాహ్నం 12:40

ఓఆథ్ పుట్టింది వేరే ఇబ్బంది కోసం. మీ వినియోగదారుడు తన పాస్‌వర్డ్ ఇవ్వకుండా, వేరొకరి యాప్‌కు "నా తరఫున ఇంతవరకు చూడనివ్వు" అని అనుమతి ఇవ్వాలనుకున్నప్పుడు అది కావాలి. మీ స్క్రిప్టు ఎవరి తరఫునా రావడం లేదు, తన పేరు మీదే వస్తోంది. క్లయింట్ క్రెడెన్షియల్స్ అనే పద్ధతి ఓఆథ్‌లోనూ ఉంది గానీ, ఒక్క స్క్రిప్టు కోసం అంత సరంజామా మోయవద్దు. ఆ సంస్థకు విడిగా ఒక యూజర్‌ను సృష్టించి, చదవడానికి మాత్రమే అనుమతులిచ్చి, 90 రోజుల గడువుతో నాక్స్ టోకెన్ ఇవ్వండి. రేపు ఇరవై సంస్థలు వచ్చి, వాళ్ల యాప్‌లను మీ వినియోగదారులు వాడతామంటే అప్పుడు ఓఆథ్ టూల్‌కిట్ తలుపు తట్టండి.

కొత్తచిగురు
శుక్రవారం, సాయంత్రం 6:50

పని పూర్తయింది, దారిలో తగిలిన రాళ్లు చెబుతాను.

మొదటిది: మా కంప్యూటర్లలో అంతా బాగుంది, పరీక్షా సర్వరులో మొబైల్ నుంచి ఏది పంపినా 401. అరపూట పోయింది. అక్కడ వెబ్ సర్వరు అపాచీని జాంగోతో కలిపే మోడ్ డబ్ల్యూఎస్‌జీఐ నడుస్తోంది, అది టోకెన్ ఉండే ఆథరైజేషన్ హెడర్‌ను డీఫాల్టుగా జాంగో దాకా రానివ్వదు. దాన్ని దాటనిచ్చే సెట్టింగు ఒక్క లైను చేర్చగానే తీరిపోయింది. డీఆర్‌ఎఫ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది, మేమే చదవలేదు.

రెండోది: లాగిన్ కానివాళ్లకు 401 రావాల్సిన చోట 403 (అనుమతి లేదు అనే జవాబు) వస్తోంది, యాప్ అయోమయపడుతోంది. ఆథెంటికేషన్ క్లాసుల జాబితాలో ఏది ముందుంటే దాన్ని బట్టి డీఆర్‌ఎఫ్ ఆ సంఖ్య నిర్ణయిస్తుందట. సెషన్ క్లాసును ముందు పెట్టాం. నాక్స్‌ను పైకి, సెషన్‌ను కిందికి జరపగానే 401 వచ్చింది.

మూడోది: నాక్స్ గడువు డీఫాల్టుగా 10 గంటలు. పరీక్షించేవాళ్లు రోజూ పొద్దున్నే లాగిన్ కావాల్సి వస్తోందని విసుక్కున్నారు. 30 రోజులకు పెంచి, వాడుతున్నంతకాలం గడువు దానంతటదే పెరిగేలా ఆటో రిఫ్రెష్ తెరిచాం. పొడిగించిన ప్రతిసారీ డేటాబేస్‌లో రాయాలి కాబట్టి ఆ రాతల మధ్య కనీస వ్యవధి 60 సెకన్లుగా ఉంది, దాన్ని గంటకు పెంచాం.

పోయిన ఫోన్ సంగతి మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు. నాక్స్ టోకెన్ వరుసలో పరికరం పేరు ఉండదు. ఒకరికి నాలుగు టోకెన్లుంటే పోయిన ఫోనుది ఏదో ఎలా తెలుస్తుంది? లాగిన్ సమయంలో యాప్ పంపే పరికరం పేరును పక్కన ఇంకో టేబుల్‌లో దాచి టోకెన్ వరుసతో ముడిపెట్టాం. "నా పరికరాలు" అని ఒక పేజీ వచ్చింది, ఎదురుగా తొలగించే బటన్. ఖాతా మూసేసి కూడా చూశాను: వెబ్, మొబైల్, స్క్రిప్టు, మూడూ తర్వాతి అభ్యర్థనకే ఆగిపోయాయి.

ఎర్రమట్టి
శుక్రవారం, రాత్రి 7:15

శాంక్టమ్‌లో ఆ పేరు టేబుల్‌లోనే ఉంటుందని చెప్పాలనిపిస్తోంది గానీ, చెప్పను.

మెరుపుతీగ
శనివారం, ఉదయం 10:30

కొత్తచిగురు గారి చివరి వాక్యం చదివి, నిన్న రాత్రి మా దగ్గరా అదే ప్రయోగం చేశాను. పరీక్షా ఖాతా ఒకటి మూసేసి, పాత యాక్సెస్ టోకెన్‌తో మిగతా ఐదు సేవలనూ తట్టాను. ఐదూ తలుపు తీశాయి. గంట తర్వాత తట్టినా తీశాయి. సెట్టింగులు తెరిచి చూస్తే ఎవరో ఎప్పుడో యాక్సెస్ ఆయుష్షును 24 గంటలకు పెంచి పెట్టారు. "లాగౌట్ ఫిర్యాదులు తగ్గించడానికి" అని పక్కనే వ్యాఖ్య కూడా రాశారు. సోమవారం దాన్ని మళ్లీ 5 నిమిషాలకు దించుతున్నాను.

గడియారం
శనివారం, ఉదయం 10:42

దించే ముందు మీ డాష్‌బోర్డు ఒకేసారి ఎన్ని అభ్యర్థనలు పంపుతుందో లెక్కపెట్టుకోండి.